చెట్టును చూసినవాళ్లు, ఊరిని అడిగినవాళ్లు

ఒక ప్రాంతంలో ఏ చెట్లు పుడతాయి, ఏవి బతుకుతాయి, ఏవి ఎందుకు మాయమవుతున్నాయి అని తెలుసుకోవాలంటే ముందు ఎవరిని అడగాలి? అటవీ శాఖ ఆఫీసునా, యూనివర్సిటీనా, ఆ చెట్ల నీడలో పుట్టి పెరిగిన ఊరినా? ప్రశ్న చాలా తేలిగ్గా కనిపిస్తుంది. ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకున్నందుకు ఆఫ్రికాలో కొన్ని ప్రభుత్వాలు పల్లె జనాన్ని దశాబ్దాల పాటు ముద్దాయిల్లా నిలబెట్టాయి. సరైన జవాబు దొరికిన చోట ఎడారి అంచున లక్షల ఎకరాల్లో చెట్లు మళ్లీ లేచాయి. ఈ రెండు కథలూ మనం తెలుసుకోవాల్సినవి.

ఆదివాసీ హక్కుల పేజీలో ఆఫ్రికా ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. మీ ఇంట్లో జొన్న రొట్టె ఉందా? సజ్జ గటక తెలుసా? ఏజెన్సీలో తాగే చోడి అంబలి? జొన్న, సజ్జ, చోడి మూడూ మొదట సాగులోకి వచ్చింది ఆఫ్రికా పల్లెల్లోనే. మనం మన్యం నుంచి సంతకు మోసుకొచ్చే చింతపండు చెట్టుకి కూడా పుట్టిల్లు ఆఫ్రికాయే. లాటిన్‌లో దాని పేరు చివర ‘ఇండికా’ అని ఉంటుంది, అది వేరే సంగతి. గోల్కొండ నయా ఖిలాలో ‘హాథియాన్ కా ఝాడ్’ అని పిలిచే ఆ ఏనుగంత చెట్టు ఆఫ్రికా బావోబాబ్. కాబట్టి ఇది దూరపు ఊళ్ల కథేం కాదు. మన కంచంలో ఉన్నదాని కథ.

ముందు పేర్ల సంగతి చూద్దాం. పేరు దగ్గరే రాజకీయం మొదలవుతుంది.

1749లో మిషెల్ ఆడన్సన్ అనే ఫ్రెంచి యువకుడు సెనెగల్ వెళ్లాడు. సుమారు ఐదేళ్లు అక్కడ ఉన్నాడు. ఊళ్లు తిరిగాడు, స్థానికుల వొలోఫ్ భాష నేర్చుకున్నాడు, బావోబాబ్ చెట్టును వివరంగా వర్ణించాడు. తన పుస్తకంలో దాన్ని బావోబాబ్ అనే రాశాడు. ఐనా శాస్త్ర ప్రపంచం చివరికి ఆ చెట్టుకి అతని పేరే పెట్టింది: ఆడన్సోనియా. ఆ పేరును నిలబెట్టాలని చూసినవాడి పేరే ఆ పేరు మీదికెక్కి కూర్చుంది.

ఇంకో చెట్టు ఉంది. నైజర్ దేశంలో హౌసా రైతులు ‘గావో’ అంటారు. మాలిలో బంబారా భాషలో ‘బలాంజాన్’ అంటారు. సెనెగల్ సెరేర్ రైతులు ‘సాస్’ అంటారు. మన తుమ్మకు దగ్గర చుట్టం. శాస్త్రీయ నామం ఏమిటో తెలుసా? ఫైధెర్బియా. లూయీ ఫైధెర్బ్ అనే ఫ్రెంచి సైనికాధికారి పేరు మీద పెట్టారు. 1854 నుంచి సెనెగల్ గవర్నర్‌గా ఉండి, యుద్ధాలు చేసి, ఆ నేలను ఫ్రాన్స్ కిందికి తెచ్చిన మనిషి ఆయన. వందల ఏళ్లుగా ఆ చెట్టును కాపాడుకొచ్చిన రైతుల్లో ఒక్కరి పేరూ మిగల్లేదు. వాళ్లను జయించినవాడి పేరు మిగిలింది.

ఇక ఆ చెట్టు చేసే పని వినండి. వానాకాలంలో అన్ని చెట్లూ చిగురిస్తుంటే ఇది ఆకు రాలుస్తుంది. అంటే పంట కాలంలో కింద ఉన్న సజ్జకు, జొన్నకు నీడ అడ్డం రాదు. రాలిన ఆకు ఎరువవుతుంది, వేర్లు నేలకు నత్రజనిని ఇస్తాయి. ఎండాకాలంలో అన్ని చెట్లూ మోడువారితే ఇది పచ్చగా ఉంటుంది. పశువులు దాని నీడలో పడుకుంటాయి, కాయలు తింటాయి, అక్కడే పేడ వేస్తాయి. ఆ పేడలోంచే గింజలు కొత్త చోట మొలుస్తాయి. సెరేర్ రైతులు చేలల్లో ఈ మొక్కల్ని గుర్తుపట్టి, కొమ్మలు సరిచేసి, మానులుగా పెంచుకున్నారు. చేను, చెట్టు, గొడ్డు మూడింటినీ కలిపి నడిపే వ్యవసాయం అది. ఏ పుస్తకం లేకుండా నేర్చుకున్న శాస్త్రం.

ఆ శాస్త్రాన్ని గుర్తించని చూపు ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి గినీ దేశంలోని కిస్సిదుగు ప్రాంతం ఒక్కటి చాలు.

అక్కడ గడ్డి మైదానాలు విశాలంగా ఉంటాయి. మధ్యమధ్యలో దీవుల్లాగా చిక్కటి అడవి ముక్కలు. ప్రతి ముక్క నడుమా ఒక ఊరు. ఫ్రెంచి అధికారులు వచ్చారు, చూశారు, తేల్చేశారు: ఒకప్పుడు ఇదంతా మహారణ్యం, ఊళ్లవాళ్లు నరికి, కాల్చి నాశనం చేశారు, మిగిలినవి ఈ ముక్కలే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే మాట. అదే పాఠ్యపుస్తకం, అదే ప్రాజెక్టు రిపోర్టు. దాని మీదే చట్టాలొచ్చాయి, జరిమానాలొచ్చాయి. 1970లలో ఒక దశలో గడ్డికి నిప్పు పెట్టడం మరణశిక్ష దాకా వెళ్లగల నేరమయింది.

1990ల మొదట్లో జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిసా లీచ్ అనే ఇద్దరు మానవశాస్త్ర పరిశోధకులు గినీకే చెందిన సహచరులతో కలిసి అక్కడి ఊళ్లలో మకాం పెట్టారు. కిస్సి, కురాంకో ముసలివాళ్లతో కూర్చున్నారు. మీ తాతలు వచ్చినప్పుడు ఇక్కడ ఏముండేది అని అడిగారు. ఊరి తర్వాత ఊరిలో వినిపించింది ఒకటే: మా పెద్దలు వచ్చినప్పుడు ఇక్కడ గడ్డి ఉండేది, ఈ అడవి మేం పెంచుకున్నదే. ఊరి చుట్టూ పశువుల్ని మేపితే, ఇంటి కప్పులకు గడ్డి కోస్తే, మంట ఊరి దాకా రావడానికి అక్కడ ఎండుగడ్డే మిగలదు. ఇంటి చెత్త, బూడిద, పేడ నేలను బలపరుస్తాయి. పాత యుద్ధాల కాలంలో కోట గోడలా ఊరి చుట్టూ బూరుగు చెట్లు పెట్టుకున్నారు. వాటి నీడన మిగతా చెట్లు వచ్చాయి. పాత ఊరు వదిలిన చోట కూడా అడవి లేచింది.

ఇది ముసలివాళ్ల గొప్పలు అనుకోవచ్చు కదా? పరిశోధకులు 1952 నాటి విమాన ఫొటోలు తీసి, తర్వాతి ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టారు. ఊరి చుట్టూ అడవి చాలా చోట్ల తగ్గలేదు సరికదా, పెరిగింది. అంటే అధికారులు వంద ఏళ్లుగా సినిమాను వెనక నుంచి ముందుకు చూశారన్నమాట. చెట్లు పెంచినవాళ్లనే చెట్ల హంతకులన్నారు. ‘మిస్‌రీడింగ్ ది ఆఫ్రికన్ ల్యాండ్‌స్కేప్’ అని 1996లో వచ్చిన వాళ్ల పుస్తకం ఈ సంగతంతా చెప్పింది.

ఇక్కడ ఆగి ఒక్క విషయం ఆలోచించండి. ఆ పాత ఫొటోలు ఆఫీసుల్లో ముందు నుంచీ ఉన్నాయి. ముసలివాళ్లు ఊళ్లలో ముందు నుంచీ ఉన్నారు. లేనిదల్లా అడగాలన్న బుద్ధి. ఎందుకు లేదు? ముద్దాయిని ఎవరూ సలహా అడగరు కాబట్టి.

ఇప్పుడు నైజర్‌కి వెళదాం. సహారా ఎడారి అంచున ఉన్న దేశం. 1970లు, 80లలో కరువుల మీద కరువులు. చేలల్లో చెట్టు లేదు, గాలికి ఇసుక లేచి మొలకల్ని పూడ్చేసేది. రైతులు మళ్లీ మళ్లీ విత్తనం వేసుకోవాల్సి వచ్చేది. బయటి సంస్థలు వచ్చి నర్సరీలు పెట్టి లక్షల మొక్కలు నాటాయి. ఎక్కువ భాగం ఎండిపోయాయి.

మరాడి ప్రాంతంలో అలాంటి పనే చేస్తున్న టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్ వ్యవసాయ నిపుణుడు 1983లో ఒకరోజు మొక్కల బండి ఆపి, దారి పక్కన పొదలా ఉన్నదాన్ని దగ్గరకెళ్లి చూశాడు. అది పొద కాదు, నరికిన చెట్టు మోడు నుంచి వచ్చిన పిలకలు. అంటే బీడుగా కనబడుతున్న నేల కింద వేర్లు బతికే ఉన్నాయి. ప్రతి ఏటా పిలకలు వస్తున్నాయి, ప్రతి ఏటా దున్నేటప్పుడు కొట్టేస్తున్నారు. కొత్తగా నాటాల్సిన పని లేదు, వస్తున్నదాన్ని రానిస్తే చాలు. మంచి పిలకలు రెండు మూడు ఉంచి, మిగతావి కోసి, పక్క కొమ్మలు తీసేస్తే కొన్నేళ్లలో మాను అవుతుంది.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఒక తెల్లమనిషి కళ్లు తెరిచాడు, ఆఫ్రికా పచ్చబడింది అని. అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. తరతరాలుగా చెట్లతో సేద్యం చేసిన హౌసా రైతులకు పిలకను మానుగా పెంచడం రాదా? వచ్చు. మరి ఎందుకు కొట్టేశారు?

ఎందుకంటే చెట్టు వాళ్లది కాదు. 1935లో ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికాకు వచ్చిన అటవీ ఉత్తర్వు దగ్గర మొదలై, ఆ తర్వాతి చట్టాలన్నిటిలోనూ చెట్టు సర్కారుది. రైతు తన చేలోనే ఉన్న చెట్టు కొమ్మ కొట్టాలన్నా అనుమతి కావాలి. లేకపోతే జరిమానా. అధికారి రావడమంటే జేబు ఖాళీ కావడమే. అలాంటప్పుడు రైతు ఏం చేస్తాడు? చెట్టు చిన్నగా ఉన్నప్పుడే పీకేస్తాడు. చేలో చెట్టు లేకపోతే కేసు లేదు. చెట్టును కాపాడటానికి తెచ్చిన చట్టం చెట్టును పుట్టకుండా చేసింది.

1980ల మధ్య నుంచి అధికారులు ఆ పట్టు సడలించారు. 1993లో వచ్చిన గ్రామీణ కోడ్, తర్వాతి అటవీ చట్టం రైతులకు కొంత ధైర్యమిచ్చాయి. చేలో చెట్టు తమదే అన్న నమ్మకం కలిగాక మాట ఊరి నుంచి ఊరికి పాకింది. జిందర్ ప్రాంతంలోనైతే చాలా చోట్ల ఏ ప్రాజెక్టూ లేకుండానే రైతులు గావో చెట్లను పెంచుకున్నారు. 2000ల మధ్యలో క్రిస్ రెయ్, గ్రే టప్పన్ వంటి పరిశోధకులు ఊళ్లు తిరిగి, ఉపగ్రహ చిత్రాలు చూసి వేసిన అంచనా: సుమారు 50 లక్షల హెక్టార్లు, దాదాపు 20 కోట్ల చెట్లు. వీటిలో నాటినవి అతి తక్కువ. రైతు కాపాడితే వాటంతట అవే లేచినవే అన్నీ. రైతులు చేస్తున్నదాన్ని 2020లో ఆ దేశ ప్రభుత్వం ఉత్తర్వుతో గుర్తించింది. ముందు జనం చేశారు, తర్వాత కాగితం వచ్చింది. కాగితం ఎప్పుడూ వెనకే నడుస్తుంది.

హక్కు లేకపోతే ఏమవుతుందో పక్కనున్న బుర్కినా ఫాసోలో చూడండి. గూర్గా అనే ఊళ్లో యాకూబా సవాడోగో అనే రైతు 1980 ప్రాంతంలో గట్టిపడిన నేలలో ఎండాకాలంలోనే గుంటలు తవ్వి, పెంట వేసి, వానకు సిద్ధం చేసేవాడు. ఆ గుంటల్ని అక్కడ ‘జాయ్’ అంటారు. అది పాత పద్ధతే, ఆయన దాన్ని మెరుగుపరిచాడు. పంటతో పాటు పెంటలోని గింజల నుంచి చెట్లు మొలిచాయి. ఆయన వాటిని పీకలేదు. జనం పిచ్చివాడన్నారు. దశాబ్దాల తర్వాత అక్కడ అరవైకి పైగా రకాల చెట్లూ పొదలతో అడవి నిలిచింది. 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది, రినాడోకి వచ్చిన ఏడాదే. కానీ పక్కనున్న వాహిగూయా పట్టణం విస్తరణ పేరుతో ఆ అడవి నేలలో కొంత ఇళ్ల స్థలాలకు పోయింది. ప్రపంచం చప్పట్లు కొట్టిన మనిషికి, తాను పెంచిన అడవి మీద పట్టా లేదు. ఆయన 2023లో కన్నుమూశారు. అవార్డు వేరు, హక్కు వేరు. ఇది మనకు కొత్తగా చెప్పాలా?

చెట్ల కోసం పల్లెలకు వచ్చేవాళ్లలో ఇంకో రకం కూడా ఉంది. నేర్చుకుని, తీసుకుని, వెళ్లిపోయేవాళ్లు. ఆఫ్రికా కొండల్లో పెరిగే ప్రూనస్ ఆఫ్రికానా అనే చెట్టు బెరడును స్థానిక వైద్యులు మూత్ర సంబంధమైన బాధలకు వాడేవారు. 1966లో ఫ్రాన్స్‌లో ఆ బెరడు సారం మీద పేటెంట్ తీసుకున్నారు. ప్రొస్టేట్ మందుగా యూరప్‌లో అమ్మకాలు పెరిగాయి. కామెరూన్‌లో, మడగాస్కర్‌లో టన్నులకొద్దీ బెరడు ఒలిచారు. ఒక పక్క కొంత ఒలిచి చెట్టును బతకనిచ్చే పద్ధతి పోయి, మాను చుట్టూ ఒలిచేయడం, నరికేయడం మొదలయింది. 1995లో ఆ చెట్టును అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో పెట్టాల్సి వచ్చింది. మందు సంగతి చెప్పిన వైద్యుడికి పేటెంట్‌లో వాటా లేదు. బెరడు ఒలిచిన కూలీకి కూలి డబ్బులే.

మరి చెట్లను అధ్యయనం చేయొద్దా? తప్పకుండా చేయాలి. ఎలా చేయాలన్నదే అసలు విషయం. 1796లో మంగో పార్క్ అనే స్కాట్లాండ్ యాత్రికుడు బంబారా ప్రాంతంలో నడుస్తూ ఒకటి గమనించి రాసుకున్నాడు: సేద్యానికి అడవి కొట్టేటప్పుడు జనం అన్ని చెట్లూ కొడతారు, షియా చెట్టును మాత్రం ఉంచుతారు. షియా కాపుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. గింజ ఏరి, ఉడికించి, ఎండబెట్టి, దంచి నూనె తీసేది ఆడవాళ్లు. ఆ చెట్టు గురించి మగవాళ్లను అడిగితే సగం సంగతే తెలుస్తుంది. ఆకుకూరగా వాడే బావోబాబ్ ఆకు, పులియబెట్టి కూరల్లో వేసే నేరే గింజ, ఇవీ అంతే. ఊరికి వెళ్లి ఊరి పెద్దతో ఒక ఫొటో దిగి వచ్చేస్తే అధ్యయనం కాదు. ఏ చెట్టు ఎవరిది, ఎవరు ఏరుకోవచ్చు, ఎప్పుడు ఏరకూడదు, ఎవరు కాపలా, ఇవన్నీ అడిగితేనే చెట్టు అర్థమవుతుంది.

షియా మాటెత్తగానే మీకు ఇప్ప గుర్తొచ్చిందా? రావాలి. రెండూ ఒకే కుటుంబం చెట్లు. రెండింటి గింజ నుంచీ నూనె తీస్తారు. రెండింటినీ పోడు కొట్టేటప్పుడు ఉంచుతారు. మన కొండల మీద పోడు చేలు చూడండి: ఇప్ప ఉంటుంది, చింత ఉంటుంది, తునికి ఉంటుంది, మొర్రి ఉంటుంది. ఎవరు చెప్పారు ఉంచమని? ఏ సర్క్యులర్ వచ్చింది? కొత్తల పండుగ చేయకుండా మామిడికాయ ముట్టని ఊళ్లు మనవి. కాయ ముదరకుండా కోయొద్దన్న నియమం అందులోనే ఉంది. ఐనా ఈ రోజుకీ రిపోర్టుల్లో ఆదివాసీ అంటే అడవి నరికేవాడే. కిస్సిదుగులో పనిచేసిన ఆ పాత కళ్లద్దాలే ఇక్కడా.

నైజర్ రైతును భయపెట్టిన చట్టానికి మనకూ అన్న ఉన్నాడు: 1927 అటవీ చట్టం. అడవి సర్కారుది, నువ్వు ఆక్రమణదారువి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, పోరాడితే వచ్చింది. అందులో పట్టా గురించి మాత్రమే మాట్లాడుకుంటున్నాం. మూడో సెక్షన్ మొత్తం ఒకసారి చదవండి. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది. సామూహిక అటవీ వనరులను కాపాడే, మళ్లీ పెంచే, నిర్వహించుకునే హక్కు ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక మేధో సంపత్తి హక్కు కూడా ఉంది. అంటే మీ అవ్వకు తెలిసిన బెరడు మందు మీ ఊరి ఆస్తి. చట్టమే చెబుతోంది.

కానీ నేల మీద జరుగుతున్నదేంటి? ఇప్ప, తునికి ఉన్న చోట జామాయిల్ తోటలు. హరితం పేరు చెప్పి పోడు చేలల్లో మొక్కలు నాటడం, అడ్డం వస్తే కేసులు. గనికో ప్రాజెక్టుకో వందేళ్ల అడవి ఇచ్చేసి, దానికి బదులు ఎక్కడో మొక్కలు నాటామని లెక్క రాయడం. ఎన్ని గుంతలు తీశారో లెక్క ఉంటుంది. ఎన్ని చెట్లు బతికాయో, ఆ చెట్టు ఆ ఊరికి ఏమిచ్చిందో అడిగేవాడుండడు. ఆఫ్రికాలో ఈ పాఠం పెద్ద స్థాయిలోనే నేర్చుకున్నారు. 2007లో ఆఫ్రికన్ యూనియన్ మొదలుపెట్టిన ‘మహా హరిత కుడ్యం’ మొదట సముద్రం నుంచి సముద్రం దాకా ఎనిమిది వేల కిలోమీటర్ల చెట్ల గోడ అన్నారు. తర్వాత్తర్వాత గోడ మాట వెనక్కిపోయి, ఊళ్లు తమ నేలను, చెట్లను బాగుచేసుకునే పనుల వైపు ఆలోచన మళ్లింది. గోడ కట్టడానికి కాంట్రాక్టర్ చాలు. చెట్టు బతకడానికి ఊరు కావాలి.

అందుకే మిత్రులారా, మీతో మూడు పనుల గురించి మాట్లాడాలి.

ఒకటి, మీ ఊరి చెట్ల పేర్లు మీరే రాయండి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో, మీ ఇంటి భాషలో ఏమంటారో ఆ పేరు ముందు. ఎప్పుడు పూస్తుంది, ఎవరు ఏరతారు, దేనికి వాడతారు. ఆడవాళ్లను విడిగా అడగండి. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి సంగతి అందులో ఏం రాశారో, ఎవరు చెబితే రాశారో వెళ్లి అడగండి.

రెండు, చెట్ల కోసం, మందుల కోసం ఎవరైనా పరిశోధకులు వస్తే తరిమేయొద్దు. గ్రామసభలో కూర్చోబెట్టండి. దేనికొచ్చారు, ఏం తీసుకెళ్తారు, మాకు ఏం తిరిగిస్తారు అని అడగండి. సమాధానం తీర్మానంలో రాయించండి. మంచి పరిశోధకుడికి దానితో ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బంది పడేవాడెవడో అప్పుడే తెలిసిపోతుంది.

మూడు, సామూహిక అటవీ వనరుల హక్కు కోసం దరఖాస్తు పెట్టండి. పెట్టి ఉంటే ఎక్కడ ఆగిందో వెంటపడండి. మోడు నుంచి పిలక రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది మానుగా నిలవాలంటే మాత్రం, కోయకుండా కాపాడేవాడికి ఇది నాది అనే ధైర్యం ఉండాలి. నైజర్ రైతుకి ఆ ధైర్యం వచ్చాకే 20 కోట్ల చెట్లు నిలబడ్డాయి. మన కొండల్లోనూ వేర్లు చావలేదు.